పది గంటల ఫ్రేము

జనవరి 6

ఇది మా స్టూడియో ఆర్డర్ల పుస్తకం. స్టూడియో మూతపడ్డాక సగానికి పైగా కాగితాలు ఖాళీగా మిగిలాయి, పారేయబుద్ధి కాలేదు. ఇవాళ్టి నుంచి ఇందులో నాకోసం రాసుకుంటాను. రోజంతా బొమ్మలతోనే గడిచిపోతోంది, నోరు విప్పే పని ఉండడం లేదు. మా ఆయనతో మాట్లాడవచ్చు. కానీ ముప్పై ఏళ్లు బస్సు నడిపి దిగిన మనిషి, ఇప్పుడు ఏం చెప్పినా కళ్లు మూసుకుని "ఊఁ" అంటారు. రోడ్డు మీద కళ్లు తెరిచింది చాలట.

పని సంగతి ఒకసారి రాసేస్తే మళ్లీ రాయక్కర్లేదు. ఇక్కడికి రెండు గంటల దూరంలో పాత ఫ్యాక్టరీ పడగొట్టి కొత్తది కడుతున్నారు. అక్కడ ఒక స్తంభం మీద నా కెమెరా ఉంది. అది పది నిమిషాలకొక ఫోటో తీసి, దాని మీద టైము వేసి, మా వంటింటి పక్క గదిలోని కంప్యూటరుకు పంపుతుంది. ఇరవై నెలలుగా ఇదే వరస. వానచుక్కలు పడ్డవీ పిట్ట అడ్డొచ్చినవీ పక్కన పెట్టి, రోజుకొక ఫ్రేము చొప్పున అతికించి, నెలకొకసారి కంపెనీకి సినిమా పంపాలి. మూడేళ్ల కట్టడం మూడు నిమిషాల్లో లేచి నిలబడాలని వాళ్ల సరదా.

నేను రోజూ పది గంటల ఫ్రేమే తీసుకుంటాను. ఆ వేళకు, ఇంకా పడగొట్టని పాత చిమ్నీ నీడ రెండో ట్యాంకు నిచ్చెన మీద పడుతుంది. ఏడాది పొడవునా పొద్దుతో పాటు జరుగుతుంది కానీ ఒక రోజుకూ మర్నాటికీ తేడా కంటికి ఆనదు. నీడ నిలకడగా ఉంటేనే కట్టడం పెరగడం కనిపిస్తుంది. నీడ గెంతిందా, చూసేవాళ్ల కన్ను దాని వెంటే పోతుంది.

జనవరి 9

తుడిచే రోజు. ప్రతి నెలా తొమ్మిదిన జెండాయన స్తంభమెక్కి లెన్సు తుడుస్తాడు. ఇది పైపనే. అసలు పని క్రేనుకు సైగ చెయ్యడం. ట్యాంకు వారన, ముందూ వెనకా కనిపించే పసుపు రంగు దిమ్మె మీద నిలబడి, కదలడానికి పచ్చ జెండా, ఆగడానికి ఎర్ర జెండా చూపిస్తాడు. ఆయన జెండా ఎత్తందే క్రేను బరువు ఎత్తదు, దించదు. రోజూ ఫోటోల్లో చీమంత కనిపిస్తాడు. నెలకొక్కసారి మాత్రం తెర నిండా ఆయన ముఖమే. మీసం, బుగ్గ మీద మచ్చ, పళ్ల మధ్య కరిచి పట్టుకున్న గుడ్డ. ఆ ముఖాలు సినిమాకు పనికిరావు. అయినా విడిగా దాచాను, ఇవాళ్టితో ఇరవై. మనిషిని ఎదురుగా ఒక్కసారి కూడా చూడలేదు.

ఎక్కే ముందు ఫోను చేస్తాడు. "అక్కా, ఎక్కుతున్నా. పది దాటిందిలెండి, మీ ముహూర్తం అయిపోయింది."

మొదట్లో ఒకసారి సరిగ్గా పదింటికి ఎక్కి ఆ రోజు బొమ్మంతా గడ్డంతో నింపేశాడు. ఎప్పుడైనా ఎక్కు తమ్ముడూ, పదింటికి మాత్రం వద్దని గట్టిగానే చెప్పాను. అప్పటి నుంచి పది గంటలకు అక్క ముహూర్తమని పేరు పెట్టాడు.

ఫిబ్రవరి 2

నిన్నంతా ఫోటోలు రాలేదు. బ్యాటరీ చచ్చింది. ఇవాళ పొద్దున్నే జెండాయన కొత్తది బిగించాడు. అన్నీ మొదటి నుంచి పెట్టాల్సి వచ్చింది, టైముతో సహా. ఫోను చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని, ఆయన వైర్ల రంగులు చదువుతుంటే వింటూ, తలెత్తి గోడ గడియారం చూసి టైము కొట్టాను. అది స్టూడియోలో ఉన్న గడియారమే. పాతికేళ్లుగా తలెత్తితే అదే.

మొదటి ఫోటో వచ్చినప్పుడు ప్రాణం లేచొచ్చింది.

ఫిబ్రవరి 5

గోడ గడియారంలో సెల్ మార్చమని నెల రోజులుగా పోరుతుంటే ఇవాళ మా ఆయనకు దయ కలిగింది. స్టూలెక్కి దించి, "ముప్పావుగంట దాకా వెనకబడిందే ఇది. నాకంటే ముందే రిటైరైంది," అన్నారు. ఇద్దరం నవ్వుకున్నాం.

ఫిబ్రవరి 28

ఈ నెల సినిమా కట్టాను. రెండో తారీఖు దగ్గర చిమ్నీ నీడ గెంతింది. పది గంటల ఫ్రేములో నిచ్చెన దాటి అవతలికి పోయింది. వెనక్కి వెతికితే తొమ్మిదీ ఇరవై ఫ్రేములో సరిగ్గా నిచ్చెన మీదే ఉంది. అందుకని ఆ రోజు నుంచి తొమ్మిదీ ఇరవైవే తీసుకున్నాను. వెన్నలా సాగింది. పొద్దు మారే కాలం కదా.

సైటు మేనేజరు చూసి చాలా బాగుందన్నాడు. రెండో దశ కట్టడం కూడా నాకే ఇచ్చే ఆలోచన ఉందట. అంటే ఇంకో మూడేళ్లు. మా ఆయన కళ్లు తెరిచి విన్నారు.

మార్చి 9

తుడుపు. ఇరవై రెండో ముఖం. మీసానికి రంగు వేశాడు. అడిగితే, మా ఆవిడ పోరు పడలేక అన్నాడు.

మార్చి 17

సైటులో ప్రమాదం. ట్యాంకు వెనక పైపుల కట్ట క్రేను నుంచి జారి పైపులు బిగించే ఫిట్టరు కాళ్ల మీద పడిందట, తలకూ దెబ్బ తగిలిందట. పదకొండున్నరకు. ప్రాణానికి భయం లేదు కానీ ఇంకా స్పృహలోకి రాలేదు. అది జరిగిన చోటు నా కెమెరాకు కనిపించదు, ట్యాంకు అడ్డం. కనిపించనందుకు మనసులో సంతోషించాను. రాయకూడదు కానీ, అదే నిజం.

మార్చి 18

సేఫ్టీ ఆఫీసరు ఫోను చేసి పదకొండున్నరదీ, దానికి ముందొకటీ వెనకొకటీ, మూడు ఫ్రేములు పంపమన్నాడు. పంపాను. మూడింటిలోనూ పసుపు దిమ్మె ఖాళీ.

మధ్యాహ్నం జెండాయన ఫోను చేశాడు. గొంతు మామూలుగానే ఉంది. జెండా మనిషి లేకుండానే బరువు దించారా అని పైవాళ్లు అడిగారట. "నేను దిమ్మె మీదే ఉన్నా అక్కా. వాడు పడ్డాకే దూకి పరిగెత్తా, అంబులెన్సులో వాడితోనే వెళ్లా. మాటమీద నమ్మకపోతే కెమెరా ఉంది కదా, దాన్నే అడగండి అన్నా. అది అబద్ధం చెప్పదుగా."

అప్పటికే ఫోటోలు పంపేశానని చెప్పలేకపోయాను. సరే తమ్ముడూ అన్నాను.

మార్చి 19

జెండాయనను పనిలోంచి ఆపేశారు. విచారణ పూర్తయ్యాక తీసేస్తారట. క్రేను నడిపేవాడు మొదట జెండా చూశానన్నాడు. ఫోటోలు ముందు పెట్టాక, చూసినట్టే ఉంది కానీ చెప్పలేను అన్నాడు.

మనిషన్నాక ఒక్క నిమిషం పక్కకు వెళ్లడూ? టీకి వెళ్లుంటాడు, భయపడి లేదంటున్నాడు. పాపం.

మార్చి 21

ఊరికే ఆ రోజు ఫ్రేములన్నీ చూశాను. పదకొండూ పది ఫ్రేములో గేటు దగ్గర తెల్ల వ్యాను ఉంది, నెత్తిన దీపంతో. అంబులెన్సులాగే ఉంది. ప్రమాదం పదకొండున్నరకు కదా, పదకొండూ పదికి అంబులెన్సు ఎందుకొస్తుంది? వేరే ఏదో వ్యాను అయ్యుంటుంది. సైటుకు సవాలక్ష బళ్లు వస్తాయి.

పదిన్నరలో, పదీ నలభైలో, పదీ యాభైలో జెండాయన దిమ్మె మీదే ఉన్నాడు. పదీ యాభైలో ఎర్ర జెండా పైకెత్తి ఉంది.

మార్చి 22

కిటికీలన్నీ తుడిచాను. పరదాలు ఉతికాను.

మార్చి 24

మేనేజరు ఫోను. రెండో దశ దాదాపు ఖాయమట. పై ఆఫీసులో నా పేరు చెప్పాడట. "మీ కెమెరా వల్లే విషయం తేలింది," అని కూడా అన్నాడు. జెండా మనిషి తప్పు కాకపోతే క్రేను తాడు తప్పయ్యేదట, తాడు మార్చనందుకు కంపెనీ జవాబు చెప్పాల్సి వచ్చేదట. అంత సంతోషంగా అతను మాట్లాడగా ఎప్పుడూ వినలేదు.

నాకు అన్నం సయించలేదు. ఎండ దెబ్బ కాబోలు.

మార్చి 27

పొద్దున ఆయన పేపరు చదువుతూ తలెత్తి గోడ గడియారం చూసి, "సెల్ మార్చాక ఎంత బుద్ధిగా నడుస్తోందో చూడు," అన్నారు. అంతే. చేతిలో గ్లాసు అక్కడే పెట్టేసి లోపలికి నడిచాను.

ఈ పుస్తకం మొదటి నుంచి చదివాను. అన్నీ నా చేతిరాతే. ఫిబ్రవరి రెండున గోడ గడియారం చూసి కెమెరాకు టైము పెట్టాను. అయిదున ఆ గడియారం ముప్పావుగంట దాకా వెనకబడిందని తెలిసి నవ్వాను. ఇరవై ఎనిమిదిన నీడ గెంతితే ఎందుకని అడగకుండా నలభై నిమిషాలు వెనక్కి వెళ్లి అతికించాను. పొద్దు రోజుకింత మారుతుంది కానీ ఒక్కరోజులో నలభై నిమిషాలు గెంతుతుందా? పాతికేళ్లు వెలుతురు చూసి బతికినదాన్ని. పెళ్లివారిని ఏ వేళకు ఏ గోడ పక్కన నిలబెట్టాలో నిద్రలో లేపి అడిగినా చెబుతాను. తెలియలేదంటే ఎవరు నమ్ముతారు?

కెమెరా నలభై నిమిషాలు వెనక నడుస్తోంది. పదీ యాభై అని పడ్డ ఫ్రేమే అసలు పదకొండున్నర. అందులో జెండాయన దిమ్మె మీద నిలబడి జెండా ఎత్తి ఉన్నాడు. నేను పంపిన మూడూ పన్నెండు గంటలప్పటివి. అప్పటికి ఆయన ఫిట్టరుతో పాటు అంబులెన్సులో ఉన్నాడు.

ఇరవై ఒకటినే తెలిసింది నాకు. కాదు, తెలిసి కూడా తెలియనట్టు రాసుకున్నాను. ఎవరూ చదవని పుస్తకంలో కూడా అబద్ధం రాశాను. పిల్లి కళ్లు మూసుకుని పాలు తాగినట్టు.

రేపు చెప్పేస్తాను.

మార్చి 28

పండగ సెలవు. ఆఫీసు ఉండదు.

మార్చి 30

మేనేజరు ఊళ్లో లేడట. ఫోనులో చెప్పే విషయం కాదు కదా.

ఏప్రిల్ 1

ఇవాళ చెబితే తమాషా అనుకుంటారు.

ఇది రాసి నాలుగుసార్లు చదువుకున్నాను. నా మీద నాకే అసహ్యమేసింది.

ఏప్రిల్ 3

మా ఆయనకు చెప్పాను. కళ్లు తెరిచే విన్నారు. పని పోతుందన్న దిగులా, నలుగురిలో పరువు పోతుందనా అని అడిగారు. రెండూ అన్నాను. మళ్లీ బొమ్మలు తీసే పని దొరికిందని ఎంత పొంగిపోయానో ఆయనకు తెలుసు. స్టూడియో బోర్డు దించిన రోజు నేను ఏడవలేదు కానీ, ఈ కెమెరా మొదటి ఫోటో వచ్చిన రోజు ఏడ్చాను.

"నేను బస్సు నడిపే రోజుల్లో," అన్నారు ఆయన, "ఒకసారి స్టాపు దగ్గర ముసలాయన్ని చూసి కూడా ఆపకుండా వెళ్లిపోయా. లేటవుతోందని. ఆయన చెయ్యెత్తి నిలబడింది అద్దంలో కనిపించింది. ఎవరూ అడగలేదు, ఎవరికీ తెలియదు. ఇరవై ఏళ్లయింది. రేపు పొద్దున్నే బస్సుంది. నేనూ వస్తా."

ఏప్రిల్ 5

నిన్న రాయడానికి ఓపిక లేకపోయింది.

సైటును కంటితో చూడడం ఇదే మొదటిసారి. ఎన్ని వేల ఫోటోల్లో చూశానో, అయినా గేటు దగ్గర దారి తెలియక నిలబడిపోయాను. చప్పుడు వస్తుందని ఎప్పుడూ అనుకోలేదు. నా సినిమాల్లో ఫ్యాక్టరీ చప్పుడు చెయ్యకుండా పెరుగుతుంది. పసుపు దిమ్మె మీద కొత్త మనిషి ఉన్నాడు.

విచారణ గదిలో సేఫ్టీ ఆఫీసరు, మేనేజరు, పై ఆఫీసు నుంచి ఇద్దరు. మా ఆయన బయట బెంచీ మీద కూర్చున్నారు. జనవరి ముప్పై ఒకటి పది గంటల ఫ్రేమూ, ఫిబ్రవరి రెండు పది గంటల ఫ్రేమూ పక్కపక్కన పెట్టి నీడ చూపించాను. మేనేజరు, నీడలను బట్టి తీర్పులు చెబుతామా అన్నాడు. అప్పుడు తెల్ల వ్యాను ఫ్రేము తీశాను. సేఫ్టీ ఆఫీసరు దాన్ని దగ్గరగా పట్టుకుని నంబరు చదివాడు. గేటు రిజిస్టరు తెప్పించాడు. అంబులెన్సు లోపలికి వచ్చింది పదకొండూ నలభై ఎనిమిదికి. నా ఫోటో మీద పదకొండూ పది.

"మనిషి పడకముందే అంబులెన్సు వచ్చి నిలబడిందా?" అని మేనేజరు వైపు చూశాడు.

అప్పుడు పదీ యాభై ఫ్రేము ముందు పెట్టాను. చీమంత మనిషి, చేతిలో చీమ తలంత ఎర్ర జెండా.

సేఫ్టీ ఆఫీసరు నన్నడిగాడు. "టైము తప్పని మీకు ఎప్పుడు తెలిసిందమ్మా?"

నిన్ననే అన్నాను.

నోటికి అదే వచ్చింది. ఇంత దూరం వచ్చి, అన్నీ చెప్పి, ఆ ఒక్కటి అబద్ధం చెప్పాను. పుస్తకం సంచిలోనే ఉంది. తీయలేదు.

బయటికి వచ్చాక ఆయన చెప్పేశావా అని అడిగారు. చెప్పాను అన్నాను.

ఏప్రిల్ 6

జెండాయనను పనిలోకి రమ్మన్నారట. తాడు చూస్తే లోపల తీగలు తెగి ఉన్నాయట. ఫిట్టరుకు కూడా స్పృహ వచ్చింది, ఎర్ర జెండా చూశాకే పైపు కింద చెయ్యి పెట్టానన్నాడట.

సాయంత్రం ఫోను చేశాడు. దండాలు పెడుతున్నాడు. వద్దు తమ్ముడూ అంటే వినడు.

"అక్కా, మొదటి వారం అందరి మీదా అరిచా. తర్వాత అరవడం మానేశా. ఫోటోలో నేను లేను కదా. నిలబడినట్టే గుర్తుంది, జెండా ఎత్తినట్టే గుర్తుంది, కానీ ఫోటోలో లేను. నేనే దిగి వెళ్లానేమో, నాకే మతి తప్పిందేమో అనుకున్నా. మా ఆవిడ ఎక్కడికి వెళ్లావయ్యా అని అడిగీ అడిగీ ఏడ్చింది. చెప్పలేక, టీకి వెళ్లానని ఒప్పేసుకున్నా. వాడి కాళ్లు నావల్లే పోయాయని ఒప్పేసుకున్నా అక్కా."

టీకి వెళ్లుంటాడని మార్చి పందొమ్మిదిన నేను రాసిన మాట. అదే ఆయన నోటి నుంచి విన్నాను.

మీకు తెలిసిన మర్నాడే పరిగెత్తుకొచ్చి చెప్పారు, మీ రుణం ఉంచుకోను అన్నాడు. ఫోను పెట్టేశాను. సిగ్నలు పోయిందని అనుకోనీ.

ఏప్రిల్ 9

తుడుపు. ఎక్కేముందు ఎప్పటిలాగే ఫోను చేశాడు. పది దాటిందక్కా అన్నాడు. కెమెరా టైము మొన్ననే సరిచేశాను, కంప్యూటరు చూసి, ఫోను చూసి, మా ఆయన చేతి గడియారం కూడా చూసి.

కట్ చెయ్యకు తమ్ముడూ, ఒక మాట అన్నాను. చెప్పాను. విచారణకు ముందు రోజు కాదు, మార్చి ఇరవై ఒకటినే తెలిసింది. ఒప్పుకోలేదు. ఇరవై ఏడున ఒప్పుకున్నాను, అయినా చెప్పలేదు. రెండో దశ పని పోతుందని. "నువ్వు టీకి వెళ్లానని ఇంట్లో ఒప్పుకున్న రోజుకు నాకు తెలుసు," అన్నాను.

ఆయన వింటూనే పైకెక్కాడు. స్తంభం మీద గాలి చప్పుడు వినిపించింది. తర్వాత గుడ్డ రాసుకునే చప్పుడు. తుడిచాడు. ఫోను కట్ అయింది.

ఇవాళ్టి ఫ్రేములో ముఖం ఉంది. కెమెరా వైపు చూడలేదు. లెన్సు మాత్రం ఎన్నడూ లేనంత శుభ్రంగా ఉంది.

ఏప్రిల్ 12

సేఫ్టీ ఆఫీసరుకు కూడా తేదీలు రాసి పంపాను. ఈ పుస్తకంలో ఆ పేజీలు ఫోటో తీసి జత చేశాను. ఎవరికీ చూపించనని మొదలుపెట్టిన పుస్తకం.

ఏప్రిల్ 20

రెండో దశ వేరేవాళ్లకు ఇచ్చారు. ఇప్పటిది పూర్తయ్యేదాకా నేనే. మా ఆయన మార్కెట్టు నుంచి గడియారానికి కొత్త సెల్లు నాలుగు తెచ్చి సొరుగులో పెట్టారు.

రోజూ పది గంటల ఫ్రేములో దిమ్మె మీద చీమంత మనిషి ఉంటున్నాడు. ఫోను చెయ్యడు. చెయ్యాలని నేనెందుకు అనుకోవాలి?

ఏప్రిల్ 30

ఫిబ్రవరి, మార్చి సినిమాలు మళ్లీ కట్టాను. నీడ గెంతిన చోట గెంతినట్టే ఉంచి, కింద టైము తప్పని రాశాను. చూడడానికి వికారంగా ఉంది. ఉండనీ.

మే 9

తుడిచే రోజు. పొద్దున్నుంచి ఫోను పక్కనే పెట్టుకుని కూర్చున్నాను. తొమ్మిదిన్నర, తొమ్మిదీ నలభై, తొమ్మిదీ యాభై. దిమ్మె మీద ఎవరూ లేరు. ఈసారి వేరెవరినైనా పంపుతాడు కాబోలు అనుకున్నాను.

ఫోను మోగలేదు. పది గంటల ఫ్రేము వచ్చింది.

ఫ్యాక్టరీ లేదు, చిమ్నీ లేదు, నీడ లేదు. తెర నిండా ఒక మణికట్టు. చెయ్యి బారుగా చాచి పట్టుకున్న చేతి గడియారం, కాస్త మసకగా, కానీ ముళ్లు తెలుస్తున్నాయి. పది. ఫోటో కింద పడిన టైము, పది. వేళ్ల వెనక మీసం అంచు కనిపిస్తోంది, రంగు వెలిసిపోయి తెల్లబడింది. నవ్వుతున్నాడో లేదో తెలియదు. చెయ్యి అడ్డం.

మా ఆయన్ని పిలిచి చూపించాను. ఇది సినిమాకు పనికిరాదు కదా, పక్కన పెట్టేస్తావా అన్నారు.

పెట్టను. ఇవాళ్టి పది గంటల ఫ్రేము ఇదే.